ఇద్దరు నటులు, ఒక్క వీథి

భిక్నూర్ నుండి కొందరు యువకులు ఈ మధ్య ఒక ఉత్తరము వ్రాసినారు. తాము ముగ్గురమనియు, అందులో ఒకరు డిగ్రీ చదువుచున్న అమ్మాయి అనియు, నాటక పోటీలకు పోవలెనని కోరిక ఉన్నదనియు, తెర, సెట్టు, మేకప్పు సామాను ఏమియు లేవనియు చెప్పుకొని, అరగంటలో ముగియు నాటిక ఒకటి, ఏకపాత్రాభినయమునకు తగినది మరియొకటి సూచింపుమని అడిగినారు. చివర ఒక మాట చేర్చినారు: "దుర్యోధనుడు మాకు ఇదివరకే వచ్చును." ఆ మాట చదివి నవ్వుకొన్నాను, పిదప కొంచెము దిగులు కూడ కలిగినది. ఏకపాత్రల పోటీ ఎక్కడ జరిగినను వరుసగా దుర్యోధనులే వచ్చి గద పట్టి నిలుచుట చూచి చూచి ఉన్నవాడను.

భిక్నూర్‌ను 44వ జాతీయ రహదారిపై పోవువారు చాలమంది ఎరుగుదురు. సిద్ధరామేశ్వరుని ఆలయము అక్కడ ఉన్నది; తెలంగాణ విశ్వవిద్యాలయమువారి దక్షిణ ప్రాంగణము అక్కడ ఉన్నది. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడువరకు ఆ ఊరు నిజామాబాదు జిల్లాలోనిది. గుడి ముంగిట కూర్చుండు పెద్దలు, ప్రాంగణములో చదువుకొను పిల్లలు, ఈ రెండు తరగతుల ప్రేక్షకులు ఒక్క ఊరిలోనే దొరకుట నటులకు అదృష్టమే. వారి ప్రశ్నకు ఒక పట్టిక వ్రాసి పంపి ఊరకుండవచ్చును. కాని చిన్న నాటకమనగా పెద్ద నాటకము ఆడలేనివారు ఆడుకొను వస్తువు అనియు, అది ఇంగ్లీషువారి నుండి తెచ్చుకొన్న అరువు సొమ్ము అనియు ఒక అభిప్రాయము మనలో పాతుకొని ఉన్నది. అది తొలగనిదే ఏ పట్టికయు ఉపయోగపడదు.

భరతముని చెప్పిన దశరూపకములను ఒకసారి లెక్కించి చూడుడు. భాణము, వీథి, వ్యాయోగము, అంకము ఒక్కొక్క అంకముతో ముగియును. ప్రహసనము ఒకటి రెండు అంకములకు మించదు. పదింట సగము చిన్నవే. అందులో భాణము అచ్చముగా ఏకపాత్రాభినయమే. నటుడు ఒక్కడే రంగము మీదికి వచ్చి, వీథి వెంట నడచుచు, కనబడని మనుష్యులతో మాటలాడును. ఎదుటివాడు అన్న మాటను "ఏమంటివి?" అని తానే మరల పలికి, దానికి తానే బదులు చెప్పును. దీనికి ఆకాశభాషితమని పేరు. టెలిఫోనులో ఒకరు మాటలాడుచుండగా ప్రక్కన కూర్చున్నవారికి అవతలి గొంతు కూడ వినిపించినట్లు తోచును గదా, అదే విద్య. 1930లో ఫ్రాన్సులో జాఁ కాక్తో టెలిఫోను పట్టుకొన్న ఒక్క స్త్రీతో నాటకమంతయు నడిపి పేరు గాంచినాడు. మన భాణకర్తలు టెలిఫోను లేకుండగనే ఆ పని చేసినారు. ప్రాచీనమైన నాలుగు భాణములను చతుర్భాణి అను పేరుతో 1922లో వెలుగులోనికి తెచ్చిన ఇద్దరిలో ఒకరు మన మానవల్లి రామకృష్ణకవిగారు. నాట్యశాస్త్రమును అభినవగుప్తుని వ్యాఖ్యతో బరోడా నుండి పరిష్కరించి ప్రకటించినవారు కూడ వారే.

ఇది సంస్కృతపు మాట. తెలుగున వీథికి ఉదాహరణ మన చేరువనే ఉన్నది. అది క్రీడాభిరామము. రావిపాటి త్రిపురాంతకుని ప్రేమాభిరామమును అనుసరించి వినుకొండ వల్లభరాయడు దీనిని రచించినాడు. శ్రీనాథుని చేయి ఇందులో ఎంత అను వాదము పండితులకు విడిచిపెట్టుదము. నటునికి కావలసినది వేరు. గోవింద మంచనశర్మ, అతని స్నేహితుడు టిట్టిభసెట్టి, వీరిద్దరు ప్రతాపరుద్రుని నాటి ఓరుగల్లులో ఒక దినమంతయు తిరుగుదురు. తెర లేదు, మేడల బొమ్మలు లేవు. ఏకవీర గుడి, మైలారదేవుని వీరభటులు నిప్పులు త్రొక్కుట, పొట్టేళ్ళ పోరు, కోళ్ళ పందెము, పూటకూళ్ళ ఇంటి భోజనము, పలనాటి వీరుల కథ పాడు స్త్రీ, ఇవన్నియు ఆ ఇద్దరి మాటలలోనే కన్నులకు కట్టును. ఒకడు చూపును, మరియొకడు చూచును. వారితోపాటు మనమును చూతుము. ఓరుగల్లు అంతటి నగరమును రంగము మీదికి తెచ్చుటకు వల్లభరాయనికి ఇద్దరు మనుష్యులు చాలినారు!

ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఆ గ్రంథములో శృంగారము పాలు ఎక్కువ. స్త్రీలను గూర్చిన మాటలు కొన్ని నేటి సభలో పలుకదగినవి కావు. పద్యములు విననంతనే అర్థమగునవియు కావు. కావున ఉన్నది ఉన్నట్లు ఆడుమని చెప్పను. వీథులు, గుళ్ళు, పందెములు, పూటకూళ్ళ ఇల్లు, పాటకత్తె వరకు తీసికొని, వాడుక మాటలలో వచనముగా తిరిగి వ్రాసికొనిన ముప్పది నిమిషముల వీథి తయారగును. ఇద్దరు యువకులు శర్మయు సెట్టియు కాగా, ఆ అమ్మాయి పాటకత్తె మొదలు దారిలో ఎదురగు స్త్రీ పాత్రలన్నియు ధరింపవచ్చును.

ఇంతటి సంప్రదాయము ఉండగా దుర్యోధనుడొక్కడే మనకు ఎట్లు మిగిలినాడు? ఆధునిక తెలుగు రంగము 1880లో రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారి ప్రదర్శనలతో మొదలైనదందురు. తరువాతి కాలమున పద్యనాటకము రాజ్యమేలినది. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పద్యములు రాని పల్లె లేదు. గ్రామఫోను రికార్డు వచ్చి పద్యమును నాటకము నుండి విడదీసినది. నాటకము చూడనివారికి కూడ పద్యము కంఠస్థమైనది. ఇక 1977లో దానవీరశూరకర్ణ చలనచిత్రము వచ్చిన పిదప పద్యము స్థానమున సంభాషణ వచ్చి కూర్చున్నది. కొండవీటి వేంకటకవిగారి ఆ సంభాషణలు ఊపిరిని అదుపులో ఉంచుటకు మంచి సాధన. అది కాదనను. కాని పిల్లలు అభినయించునది దుర్యోధనుని కాదు, రామారావుగారిని. ఆ గొంతు, ఆ తలయెత్తు, ఆ నడక వారివి. మన కుర్రవాని దుర్యోధనుడు ఎక్కడ?

నేనైన ఆ కుర్రవానికి గదను విడిచిపెట్టక మరియొక దుర్యోధనుని ఇత్తును. భాసుని ఊరుభంగములో దుర్యోధనుడు తొడలు విరిగి నేలపై ప్రాకుచు వచ్చును. అతని చిన్న కొడుకు దుర్జయుడు పరుగున వచ్చి తండ్రి తొడపై కూర్చుండబోవును. తండ్రి వలదని వారింపవలసి వచ్చును. అభిమానధనుడైన ఆ రాజు పసివానికి కారణము ఏమని చెప్పవలెను? పగ తీర్చెదనని లేచిన అశ్వత్థామను కూడ అతడే వారించును. ఇక్కడ గొంతెత్తి అరచుటకు చోటు లేదు. నిలుచుటకు కాళ్ళు లేవు. నటుని వద్ద మిగులునవి ముఖము, చేతులు, తగ్గిన స్వరము. ఈ ఒక్క ఘట్టమును ఏకపాత్రగా మలచుకొనిన, బాలుడు రంగము మీద లేకున్నను ఆకాశభాషితముతో నడచిపోవును. ఇది తిరువనంతపురము నుండి గణపతిశాస్త్రిగారు 1912 మొదలుగా ప్రకటించిన భాసనాటకములలోనిది. ఇదియు ఒక్క అంకమే.

పోటీల సంగతికి వత్తము. 1929లో తెనాలిలో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టినది. తరువాత ఊరూర పరిషత్తులు వెలసినవి. 1998 నుండి ప్రభుత్వమువారి నంది నాటకోత్సవములు కూడ జరిగినవి. రాత్రియంతయు సాగు నాటకమును పోటీకి పెట్టుట కుదరదు. కాలపరిమితి, ఒక్క సెట్టు, కొద్ది పాత్రలు, ఈ నియమములే నేటి తెలుగు నాటికను రూపొందించినవని నా నమ్మకము. దానివలన లాభము గొప్పది. ఆత్రేయ, నార్ల, గొల్లపూడి మారుతీరావు, గణేశ్ పాత్రో వంటివారి రచనలు పల్లె నటుల చేతికి అందినవి. గణేశ్ పాత్రోగారి "కొడుకు పుట్టాల" ఎన్ని ఊళ్ళలో ఆడినదో! నష్టమును లేకపోలేదు. న్యాయనిర్ణేతల కొరకు వ్రాసిన నాటికలలో చివరి అయిదు నిమిషములు ఎవరో ఒకరు ముందుకు వచ్చి సమాజమును నిందించి ఉపన్యసించుట వాడుకయైనది. అట్టి నాటిక దొరకినచో ఆ ఉపన్యాసమును తీసివేసి ఒకసారి చదివి చూడుడు. మిగిలినది నిలిచిన, ఆడదగినది.

ఆ అమ్మాయి విషయము వేరుగా చెప్పవలెను. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరింపవలెనని బళ్ళారి రాఘవాచార్యులవారు పట్టుబట్టినారు. రాజమన్నారుగారి "తప్పెవరిది" నాటకమును అట్లే ఆడించినారు. కొమ్మూరి పద్మావతీదేవి వంటివారు వారి సరసన రంగమెక్కినారు. తొంబది ఏండ్లు గడచినను పోటీ నాటికలలో ఆడపిల్లకు దొరకునది ఏడ్చు చెల్లెలి వేషమే. ఆమెకు ఒక స్నేహితురాలు తోడైనచో స్ట్రిండ్‌బర్గ్ 1889లో వ్రాసిన "బలవంతురాలు" ఆడవచ్చును. ఇద్దరు నటీమణులు ఒక హోటలులో కలియుదురు. ఒకతె ఆద్యంతము మాటలాడును, రెండవ ఆమె ఒక్క మాటయు పలుకదు. ఎవరి పాత్ర కష్టమో ఆడినవారే చెప్పవలెను.

రేడియోలో పనిచేయువాడను గనుక ఒక మాట స్వార్థముతో చెప్పుదును. 1924 జనవరిలో లండను నుండి ప్రసారమైన రిచర్డ్ హ్యూస్ నాటిక దీపములారిన బొగ్గుగనిలో జరుగును. శ్రోతకు కనబడనిది పాత్రలకును కనబడదు. రేడియో నాటకమునకు అది శుభారంభము. మన మద్రాసు కేంద్రమున ముద్దుకృష్ణగారి "అనార్కలి" 1938లో వినిపించినది. ఆ వెలుగులేని గని తలచుకొన్నపుడెల్ల నాకు గొల్లపూడివారి "కళ్ళు" గుర్తుకు వచ్చును. గ్రుడ్డి బిచ్చగాండ్రు అందరు కూడబెట్టిన సొమ్ముతో తమలో ఒకనికి చూపు తెప్పింతురు. చూపు వచ్చిన పిదప వాడు తక్కినవారికి ఏమి చేసినాడన్నదే కథ. 1988లో చలనచిత్రముగా కూడ వచ్చినది. పాత్రలు ముగ్గురికి మించి ఉన్నవి. ఊరిలో మరికొందరిని చేర్చుకొనవలెను. చేర్చుకొనుటయు మంచిదే. దీపములార్పి, ఒకరి గొంతు ఒకరు వినుచు సాధన చేయుడు.

ఇంత చెప్పి, వారి జిల్లా సొత్తును మరచిన తప్పు. చిందు యక్షగానము నిజామాబాదు ప్రాంతమున సజీవముగా నిలిచిన కళ. 2005లో కన్నుమూసిన చిందుల ఎల్లమ్మ పసితనము నుండి వేషము కట్టి ఆ కళకు పేరు తెచ్చినది. జాంబపురాణములో జాంబవునికిని బ్రాహ్మణునికిని పుట్టుకను గూర్చి, కులమును గూర్చి వాదము నడచును. ఇద్దరు నటులు, ఒక వాదము, చుట్టును జనము. ఇంతకంటె పదునైన ఏకాంకిక ఏ పుస్తకములో దొరకును? అయితే దీనిని పుస్తకము నుండి కాక ఆ కళాకారుల వద్ద కూర్చుండి, వారి అనుమతితో, వారికి గురుస్థానమిచ్చి నేర్వవలెను. వేషము అరువు తెచ్చుకొని పోటీలో బహుమతి పుచ్చుకొనుట న్యాయము కాదు.

భాష మాట కూడ. తెలంగాణపు పలుకుబడి చాలకాలము రంగస్థలముపైనను వెండితెరపైనను సేవకునికో విదూషకునికో దక్కినది. మైకు ముందు నిలిచిన నావంటివారము కూడ "మంచి తెలుగు" పేరిట ఆ తప్పులో పాలుపంచుకొన్నవారమే. భిక్నూర్ మిత్రులు తమ టిట్టిభసెట్టిని తమ ఇంటి మాటలో పలికించిన, ఓరుగల్లు బజారునకు అది పరాయి కాదు.

హాస్యము కావలెనన్నచో చెహోవ్ పొగాకు హాని మీద వ్రాసిన ఏకపాత్ర ఉన్నది. భార్యకు జడిసి ఉపన్యాసమునకు వచ్చిన అర్భకుడు పొగాకు మరచి తన బ్రతుకు చెప్పుకొనును. 1886లో మొదట వ్రాసి, 1902 వరకు తిరగవ్రాయుచునే ఉన్నాడు. మన గిరీశము కూడ కన్యాశుల్కము తొలి రంగమున బొంకులదిబ్బపై ఒంటరిగా నిలిచి మాటలాడినవాడే. మోలియేరును తెలుగింటికి తెచ్చిన భమిడిపాటి కామేశ్వరరావుగారి ప్రహసనములు చూడుడు.

అనుమతుల చిక్కు కలదు. రచయిత గతించిన అరువది ఏండ్లకు గాని మన దేశమున రచన స్వేచ్ఛగా ఆడుటకు రాదు. గురజాడవారు 1915లోను, భమిడిపాటివారు 1958లోను గతించినారు. వారివి నిస్సంకోచముగా ఆడవచ్చును. ఆత్రేయ 1989లోను, గొల్లపూడి 2019లోను పోయినవారు. వారి కుటుంబములకు ఉత్తరము వ్రాయవలెను. భాసునికి, వల్లభరాయనికి ఆ బెడద లేదు. ముగ్గురిలో దుర్యోధనుడు వచ్చినవాడు ఎవరో అతనిని ముందుగా ఊరుభంగము చదువుమనుడు. ఏది ఎన్నుకొన్నారో, పూర్వాభ్యాసము గుడి ముంగిట జరుగునో ప్రాంగణములో జరుగునో మరల వ్రాయుడు.