వెట్టి బాకీ ఎవరి ఖాతాలో?

బానిసత్వంలో తన వంశం పాత్రకు 2023 జులై 1న నెదర్లాండ్స్ రాజు విలెం-అలెగ్జాండర్ ఆమ్‌స్టర్‌డామ్‌లో క్షమాపణ అడిగాడు. 1675–1770 మధ్య వలసల నుంచి ఆరెంజ్ రాజవంశానికి ముట్టిన సొమ్ము నేటి విలువలో 54.5 కోట్ల యూరోలని అంతకు కొద్దిరోజుల ముందే ఒక అధ్యయనం తేల్చింది. రాజవంశానికి ఎంత ముట్టిందన్న ఈ ప్రశ్ననే తెలంగాణలోని వికారాబాద్ జిల్లా పూడూరు వైపు తిప్పి చూడండి. మన జవాబు దొర దగ్గరే ఆగిపోతుంది. వెట్టి అనగానే దొర ఉండే గడి, గడి అనగానే దేశ్‌ముఖ్ గుర్తుకొస్తారు. దొర చేసింది దొర ఖాతాలోనే ఉండనీ. ఆ దొరను నిలబెట్టి, ఆ వెట్టితోనే తన పాలన నడుపుకొన్న నిజాంల అసఫ్‌జాహీ సింహాసనానికి మాత్రం విడిగా ఒక ఖాతా తెరవాలి.

హైదరాబాద్ రాజ్యంలో భూమి మూడు వాటాలు. దాదాపు అరవై శాతం దివానీ కింద, అంటే నేరుగా సర్కారు కింద, ముప్పై శాతం జాగీర్ల కింద ఉండేది. మిగిలిన పది శాతం సర్ఫ్-ఎ-ఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు విడిచిన భూమి. రాజధాని చుట్టూ ఉన్న అత్రాఫ్ బల్దా జిల్లా ఇందులోదే. పూడూరు పక్కనున్న వికారాబాద్‌కు పేరిచ్చిన వికారుల్ ఉమ్రా పైగా నవాబు. నిజాం వంశంతో వియ్యమంది, ఫౌజును పోషించినందుకు ఊళ్లకు ఊళ్లే పొందిన కుటుంబం ఆయనది. అంటే ఈ ప్రాంతంలో రాజు ఎక్కడో దూరాన కూర్చున్న దేవుడేమీ కాడు. తహసీల్దారు ఊళ్లో మకాం వేస్తే ఏం జరిగేదో చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. కుమ్మరి కుండలు తెచ్చి నీళ్లు నింపాలి, గొల్ల గొర్రెపోతును తోలుకురావాలి, కోమటి బియ్యం, పప్పు, నెయ్యి పంపాలి, చాకలి చాకిరీకి నిలబడాలి. మాదిగ చెప్పులు కుట్టివ్వాలి. సుంకరి కచేరీ కాగితాలు పట్టుకుని పొరుగూరికి ఉరకాలి. డబ్బిచ్చే మాటే లేదు. ఇదంతా గడి పని కాదు, సర్కారు పని. వెట్టి లేకపోతే ఆ మోతకూ ఆ మేతకూ ఖజానా నుంచే డబ్బు తీయాల్సి వచ్చేది.

నిజాం వెట్టిని నిషేధించాడు కదా అంటారు. నిజమే. 1921లో పుట్టిన ఆంధ్ర జనసంఘం, దాని ముందు నిలిచిన మాడపాటి హనుమంతరావు ఎడతెగక అడిగిన మీదట ఫర్మానాలు వెలువడ్డాయి. అప్పు కింద మనిషిని కట్టిపడేసే భగేలా ఒప్పందాల మీద 1936లో చట్టమూ వచ్చింది. కానీ నిషేధించాడంటే తెలుసనే కదా అర్థం. తెలియక జరిగిందన్న సాకు ఆనాటితోనే పోయింది. పైగా ఆ ఫర్మానాను అమలు చేయాల్సింది ఎవరు? పటేలు, పట్వారీ, తహసీల్దారు. వెట్టి తిన్నవాళ్ల చేతికే వెట్టి మాన్పించే పని అప్పజెప్పారు. 1976లో కేంద్రం తెచ్చిన వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం రద్దు చేసిన పద్ధతుల జాబితాలో భగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టీ ఉంది. రాజు పోయి ఇరవై ఎనిమిదేళ్లయినా పద్ధతి బతికే ఉందన్నమాట.

మనుషుల్ని సంతలో అమ్మలేదు కాబట్టి ఇది బానిసత్వం కాదన్నది ఇంకో అభ్యంతరం. తేడా ఉన్న మాట వాస్తవం. కానీ 1926 నాటి నానాజాతి సమితి బానిసత్వ ఒడంబడిక నిర్బంధ చాకిరీని కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. ఇండియా తరఫున సంతకం పెడుతూ బ్రిటిష్ ప్రభుత్వం ఒక మినహాయింపు రాయించుకుంది. నిర్బంధ చాకిరీకి సంబంధించినవి సహా కొన్ని నిబంధనలు చక్రవర్తి ఆధిపత్యంలోని సంస్థానాధీశుల రాజ్యాలకు వర్తించవన్నదే అది. కింద దొరకు నిజాం అండ, నిజాంకు లండన్ అండ. ఆ ఒక్క వాక్యంతో ఈ బాకీలో బ్రిటిష్ కిరీటానికీ వాటా పడింది.

దొరల్లో ఎక్కువమంది హిందువులు, రాజు ముస్లిం, ఇప్పుడు ఈ లెక్క తీయడం ఓట్ల కోసమేనని కొందరికి అనుమానం. అలా వాడుకునేవాళ్లు ఉన్నారు, కాదనను. అయితే ఇక్కడ అడుగుతున్నది మతం గురించి కాదు, రాబడి ఎవరికి చేరిందని. ఆ ప్రశ్న దొరనూ వదలదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం, నిజాంసాగర్ మాటేమిటంటారా? అవి మంచి పనులే. వాటిని కట్టించిన ఖజానా ఎలా నిండిందన్న ప్రశ్నకు మాత్రం అవి జవాబు కావు.

1833లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ బ్రిటన్ యజమానులకు రెండు కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. బానిసలకు దమ్మిడీ ఇవ్వలేదు. మన దగ్గరా అదే వరస. సర్ఫ్-ఎ-ఖాస్ 1949లో ప్రభుత్వంలో కలిసినప్పుడు నిజాంకు ఏటా 50 లక్షల రాజభరణం, పోయిన రాబడికి బదులు 25 లక్షలు, భవనాల పోషణకు ఇంకో 25 లక్షలు ఖాయమయ్యాయి. జాగీర్దార్లకూ పరిహారం అందింది. సుంకరికీ చాకలికీ ఏమిచ్చారు? నిజాం కాలపు ఉర్దూ, ఫార్సీ దస్త్రాలు తార్నాకలోని రాష్ట్ర అభిలేఖాగారంలో (స్టేట్ ఆర్కైవ్స్) ఉన్నాయి. ఆరెంజ్ వంశం లెక్క తీసినట్టే సర్ఫ్-ఎ-ఖాస్ లెక్క కూడా తీయమని మన విశ్వవిద్యాలయాల్లోని చరిత్ర శాఖలను అడగవచ్చు. అందుకు ఏ రాజవంశపు అనుమతీ అక్కర్లేదు.