ఇంద్రవెల్లి: 13 దగ్గరే ఆగిన లెక్క

ఆదిలాబాద్ జిల్లాలోని మా ఇంద్రవెల్లిలో సోమవారం సంత. 1981 ఏప్రిల్ 20 కూడా సోమవారమే. ఆ రోజు గిరిజన రైతుకూలీ సంఘం ఇక్కడ సభ పెట్టుకుంది. మొదట ఇచ్చిన అనుమతిని పోలీసులు తర్వాత రద్దు చేశారు. ఆ కబురు అడవిలోని గూడేలకు ఎట్లా అందాలి? సభకని కొందరు, ఉప్పూ పప్పూ కొనుక్కుందామని కొందరు, రెండు పనులూ చూసుకుందామని ఇంకొందరు నడిచి వచ్చారు. పోలీసులు అడ్డుకున్నారు. ముందు చెయ్యెత్తింది ఎవరన్నదానిపై పోలీసులది ఒక మాట, గోండులది ఇంకో మాట. ఒక కానిస్టేబుల్ ప్రాణం పోయింది. జనం మీద తుపాకులు పేలాయి.

సభలో అడగదలచుకున్నవి కొత్త కోరికలేమీ కావు. పోడు భూములకు పట్టాలివ్వాలని, అటవీశాఖ వేధింపులు ఆగాలని, షావుకార్ల తూకాల మోసాలు పోవాలని. ఏజెన్సీలో భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని 1970లోనే 1/70 చట్టం వచ్చింది. అది కాగితం మీద ఉండగానే భూములు చేతులు మారుతూ వచ్చాయి. ఉన్న చట్టాన్ని అమలు చేయమని అడగడానికి వచ్చినవాళ్లు ఇక్కడ చనిపోయారు.

ఎందరు? సర్కారు లెక్క 13. పౌరహక్కుల సంఘాలు 60కి పైనే అన్నాయి. మా చుట్టుపక్కల గూడేల్లో అడిగితే నూరు దాటిందనే అంటారు. ఇంత తేడా ఎందుకొచ్చిందో ఇక్కడివాళ్లకు తెలుసు. తూటా తగిలినవాళ్లు అడవిలోకి పరుగెత్తారు. ఆసుపత్రికి పోతే కేసు పెడతారని భయం. ఇళ్లకు చేరి చనిపోయినవాళ్లను ఇంటివాళ్లే సాగనంపారు. ఆ చావులు ఏ రిజిస్టరులోకీ ఎక్కలేదు.

మా మండలంలోనే కేస్లాపూర్ ఉంది, నాగోబా గుడి ఉన్న ఊరు. తిరుగుబాటు నడిపిన గోండు నాయకుడు కుమ్రం భీంను జోడేఘాట్‌లో చంపిన తర్వాత నిజాం ప్రభుత్వం గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకొమ్మని మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను పంపింది. అధికారులు నాగోబా జాతరకే వచ్చి గోండుల మొర వినే దర్బారు 1940లలో అట్లా మొదలైంది. భీం ప్రాణానికి అది పరిహారం కాదు. కానీ రాజరికం అడిగిన ఆ ‘ఎందుకు’ అనే ప్రశ్నను, మనం ఓట్లేసి తెచ్చుకున్న ప్రభుత్వం 1981లో అంత శ్రద్ధగా అడగలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే.

కాల్పులకు ఒక్క అధికారికీ శిక్ష పడలేదు. గుంపును చెదరగొట్టే పనిలో ఉన్న పోలీసు మీద కేసు నడపాలంటే ముందు ప్రభుత్వమే అనుమతివ్వాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 132వ సెక్షన్ చెప్పేది. తుపాకి ఇచ్చినవాళ్ల దగ్గరికే అనుమతి కోసం పోవాలన్నమాట. అడవి దాటి ఎరగని కుటుంబాలు ఆ మెట్లు ఎట్లా ఎక్కగలవు?

1983లో అమరుల స్తూపం లేచింది. 1986లో దాన్ని పేల్చేశారు. మరుసటి ఏడు ప్రభుత్వ గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ద్వారా మళ్లీ కట్టించారు. కట్టించి, ఏళ్ల తరబడి ఏప్రిల్ 20న 144వ సెక్షన్ పెట్టి, పూలు పెట్టడానికి వచ్చిన ఇంటివాళ్లనే వెనక్కి తిప్పారు. 2024 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి స్తూపం దగ్గర నివాళులర్పించి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచిదే. అయితే వనం ఒక్కటే జవాబు కాదు. సభ అనుమతిని రద్దు చేసిన ఉత్తర్వు, కాల్పులకు ఆదేశమిచ్చిన అధికారి నివేదిక, శవపరీక్షల కాగితాలు, ఉన్నవన్నీ బయటపెట్టాలి. చనిపోయినవాళ్ల పేర్లను ఊరూరా విచారించి ప్రభుత్వం ప్రకటించాలి. ఆ జాబితాలో కానిస్టేబుల్ పేరూ ఉండాలి.

ఆ రోజును చూసినవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు. ఉట్నూరు, ఇంద్రవెల్లి, గుడిహత్నూరు వైపు చదువుకున్న పిల్లలకు నా మనవి: మీ తాతనో అవ్వనో ఇవాళే కూర్చోబెట్టి, తిరిగిరానివాళ్ల పేరు, ఇంటిపేరు, గూడెం పేరు రాసిపెట్టండి. సర్కారు అడిగినా అడగకపోయినా రాసిపెట్టండి.