ఊక మంట, రేడియో తరంగం

పిఠాపురం నుంచి సామర్లకోట మీదుగా పెద్దాపురం దాకా రైస్ మిల్లుల పొగగొట్టాలు కనిపిస్తూనే ఉంటాయి. ఈ చుట్టుపక్కల ఆడే ఉప్పుడు బియ్యం కాకినాడ రేవులో ఓడెక్కి పశ్చిమ ఆఫ్రికా దాకా వెళ్తుంది. ఆడేది ఉప్పుడు, ఇక్కడివాళ్లు తినేది మాత్రం పచ్చి బియ్యం! ఆ అలవాటుకు ఒకప్పుడు మూల్యం కూడా చెల్లించారు. పాలిష్ పట్టిన పచ్చి బియ్యం తినే, ఈ ప్రాంతం కూడా ఉన్న ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి ఎక్కువగా ఉండేది. 1924లో పరిశోధకులు మెక్‌కారిసన్, నోరిస్ ఆ జబ్బుకీ బియ్యానికీ ఉన్న సంబంధాన్ని పరిశీలించారు. ధాన్యాన్ని ఉడికిస్తే తవుడులోని బి1 విటమిన్ గింజలోకి ఇంకుతుంది.

ఉప్పుడు బియ్యం చేసే పాత పద్ధతిలో ధాన్యం రెండు మూడు రోజులు చన్నీళ్లలో నానేది. తొట్టెల దగ్గర ముక్కు మూసుకోవాల్సిందే. ఆవిరి పట్టాక సిమెంటు కళ్లంలో పరిస్తే, ఆడకూలీలు పాదాలతో చాళ్లు తీస్తూ అటూ ఇటూ నడిచి తిరగేసేవారు. మబ్బు పడితే పరుగున కుప్ప చేసి పరదా కప్పాలి. మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వేడినీళ్ల పద్ధతి వచ్చాక, 65-70 డిగ్రీల నీటిలో నానుడు మూడు నాలుగు గంటలకు తగ్గింది.

తంటా అంతా ఆరబెట్టడంలోనే. 30 శాతం దాటిన తేమను 14కు దించాలి. వేడిగాలి పైనుంచే తగులుతుంది కాబట్టి పైపొర ముందు బిగుసుకుంటుంది, లోపల తడి అలాగే ఉంటుంది. తొందరపడితే గింజ పగిలి నూకవుతుంది. అందుకే తేమ 18 శాతం దగ్గరికి రాగానే ఆపి, కొన్ని గంటలు విశ్రాంతినిచ్చి, మళ్లీ ఆరబెడతారు.

లోపలి తడినే నేరుగా వేడెక్కించే దారులు రెండో ప్రపంచ యుద్ధం నాటికే తెరుచుకున్నాయి. రేడియో ఫ్రీక్వెన్సీతో చెక్కల జిగురు ఆరబెట్టారు. రాడార్ కోసం 1940లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన క్యావిటీ మాగ్నెట్రాన్ తర్వాత వంటింటి మైక్రోవేవ్‌కు గుండె అయింది. రేడియో ఫ్రీక్వెన్సీలో వాడే 27.12 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు 11 మీటర్లు. రెండు పలకల మధ్య మందపాటి సరుకు ఉన్నా లోతుకు చేరుతుంది. మైక్రోవేవ్‌లో వాడే 2450 మెగాహెర్ట్జ్‌ది 12 సెంటీమీటర్లే. సరుకు త్వరగా కాగుతుంది గానీ తరంగం లోతుకు పోదు, ఒకచోట కాలి మరోచోట చల్లగా మిగలొచ్చు. అమెరికాలోని ఆర్కన్సా విశ్వవిద్యాలయం 915 మెగాహెర్ట్జ్ మైక్రోవేవ్‌తో ధాన్యం ఆరబెట్టి చూసింది.

గోదావరి మిల్లరుకు ఈ రెండు రకాల తరంగాలూ గిట్టుబాటవుతాయా? ధాన్యం బరువులో అయిదో వంతు ఊకే. బాయిలర్ కింద అది కాలుతుంటే కరెంటు బిల్లు ఎవరు కడతారు? ఆరబెట్టే పనిలో ఈ రెండూ ఊకతో పోటీపడలేవు.

నిల్వ బియ్యానికి పట్టే ముక్కుపురుగు సంగతి వేరు. ఆరిన బియ్యం కంటే పురుగు ఒంట్లో నీరు ఎక్కువ, అందుకే రేడియో ఫ్రీక్వెన్సీలో ముందు కాగేది పురుగే. నిండు బస్తా నడిబొడ్డుకు వేడిగాలి చేరడానికి చాలాసేపు పడుతుంది, మైక్రోవేవ్ దారిలోనే ఆగిపోతుంది, రేడియో తరంగం మాత్రం అక్కడిదాకా చేరుతుంది.