సంగ్రహధర్మము : రూపావతారము మొదలు బాలవ్యాకరణము వఱకు

విద్యార్థులకొఱకు గ్రంథములను గుదించి వ్రాయుట క్రొత్తగాఁ బుట్టిన యాచారము గాదు. ముద్రిత పాఠ్యపుస్తకములును, విశ్వవిద్యాలయ పరీక్షలును నీ దేశమునకు రాకమునుపే యిది మనలోఁ గలదు. అయినను సంగ్రహములు శాస్త్రమునకు మేలు చేసెనా, కీడు చేసెనా యను విషయమునఁ బెద్దలు రెండు తెఱఁగుల వారై యున్నారు. వ్యాకరణశాస్త్రమున నీ వివాదము వేయేండ్లకుఁ బైబడి నడచినది గావున, దాని చరిత్రము నాధారముగాఁ గొని సంగ్రహమునకు ధర్మ మెయ్యదియో విచారింతము.

ముందు కీడును జెప్పువారి పక్షము. పాణినీయమును గూర్చి వ్యాడి సంగ్రహమను మహాగ్రంథమును రచించెను. అది లక్షశ్లోకపరిమితమని సంప్రదాయము. సంగ్రహమన నిచటఁ గూర్పు అని యర్థమేకాని కుదింపు అని కాదు. భర్తృహరి వాక్యపదీయ ద్వితీయకాండాంతమున నా గ్రంథము మఱుఁగుపడుటకుఁ గారణమును దెలిపినాఁడు: సంక్షేపమునందు మక్కువయుఁ, గొలఁది చదువుతోఁ దృప్తియుఁ గల వైయాకరణుల కాలము వచ్చుటయే యా కారణము. నేఁడు మనకా గ్రంథము లేదు. ఇతరు లుదాహరించిన కొన్ని వాక్యములు మాత్రమే మిగిలినవి. కుదింపుపై మన వాఙ్మయమునఁ గానవచ్చు ప్రాచీనమైన యభియోగములలో నిది యొకటి. దీనిని దేలికగాఁ ద్రోసిపుచ్చ వలనుపడదు.

ఇఁక రెండవ పక్షము. ధర్మకీర్తి యను బౌద్ధపండితుఁడు (తార్కికుఁడైన ధర్మకీర్తి వేఱు) రూపావతారమును రచించెను. అష్టాధ్యాయి వరుసను విడిచి, పదసిద్ధికిఁ గావలసిన సూత్రములను ప్రకరణములుగా నేర్చికూర్చిన గ్రంథమిది. దీని వ్యాప్తిని దెలుపు సాక్ష్యము ద్రవిడదేశమున నెణ్ణాయిరము శాసనమునఁ గలదు. మొదటి రాజేంద్రచోళుని కాలమున (1014–1044) నచటి దేవాలయవిద్యాస్థానమునఁ జిన్నతరగతి విద్యార్థులు 270 మందియుఁ, బెద్దతరగతివారు 70 మందియు నుండిరి. చిన్నవారిలో 40 మంది రూపావతారమును జదివిరి. పెద్దవారిలో 25 మంది వ్యాకరణమును, 35 మంది ప్రాభాకరమీమాంసను, 10 మంది వేదాంతమును జదివిరి. చిన్నవారికి దినమున కాఱు నాళుల వడ్లు. పెద్దవారి కంతకంటె నెక్కువ.

ఈ లెక్కను జదువరులు సావధానముగాఁ జూడవలయును. శాసనము వ్రాయించినవారు రూపావతారమును వ్యాకరణమునందుఁ జేర్చి చెప్పలేదు. రెంటిని వేర్వేఱు తరగతులలో నుంచిరి. సంగ్రహమును జదివినవాఁ డింకను శాస్త్రమును జదువవలసినవాఁడే యని వారి భావము. ఆ విద్యాస్థానమున సంగ్రహము మెట్టుగా నుండెనేకాని మేడగా నుండలేదు.

తరువాత రామచంద్రుఁడు ప్రక్రియాకౌముదిని రచించెను. ఇతఁ డాంధ్రదేశీయుఁడని పండితులు చెప్పుదురు. అటుపిమ్మట భట్టోజిదీక్షితులు సిద్ధాంతకౌముదిని రచించిరి. దానిని సంగ్రహమనరాదు, సూత్రముల నన్నిటిని వేఱు వరుసలో నమర్చిన సమగ్రగ్రంథమది. ఆయన శిష్యుఁడు వరదరాజు దానినుండి మధ్య, లఘు, సార కౌముదులను మూఁటిని దీసెను. సుమారు నాలుగువేల పాణినిసూత్రములలో మధ్యకౌముదికి సుమారు 2300, లఘుకౌముదికి సుమారు 1270, సారకౌముదికి సుమారు 700 సూత్రములు వచ్చినవి. ఒక్కఁడే మూఁడు పరిమాణములలోఁ గుదించుటచే విద్యార్థుల శక్తిభేదము నెఱిఁగి చేసిన పని యని తెలియుచున్నది. లఘుకౌముది మొదటి శ్లోకముననే, పాణినీయమునఁ బ్రవేశించుటకై దీనిని రచించుచున్నానని యతఁడు తన ప్రయోజనమును నిర్దేశించుకొనెను. ప్రవేశమన ద్వారము, ద్వారమున నిలువఁబడినవాఁ డింటిలోనికిఁ బోవలయుఁగదా.

ఈ మాట పీఠికాలంకారము గాదనుటకు గ్రంథమునందలి యొక స్థలమును జూపెదను. హరే, ఇహ యను రెండు పదములు కలియునపుడు ఏకారము అయ్ అగును. ఆ యకారము వికల్పముగా లోపించును. హర ఇహ యని నిలుచును. ఇచట శిష్యుఁడు, ‘అకారమునకు ఇకారము పరమైనదిగదా, గుణము వచ్చి హరేహ యని యేల కాదు?’ అని యడుగును. దీనికి సమాధాన మష్టాధ్యాయి వరుసయందున్నది. గుణవిధి యాఱవ యధ్యాయము మొదటి పాదమున 87వ సూత్రము. యలోపవిధి యెనిమిదవ యధ్యాయము మూఁడవ పాదమున 19వ సూత్రము. ఎనిమిదవ యధ్యాయము రెండవ పాదము మొదలు కడవఱకుఁ గల మూఁడు పాదములలోని కార్యములు ముందలి సూత్రముల దృష్టిలో జరుగనట్లే. కావున గుణసూత్రము చూపునకు యకార మింకను నడుమ నిలిచియే యున్నది.

ఈ యసిద్ధత్వమును జెప్పు సూత్రము తానై యొక్క రూపమునైనను సాధింపదు. కుదించువాఁడు ముందుగా విడువఁదలఁచునది యిట్టి సూత్రమునే. వరదరాజు విడువలేదు. సిద్ధాంతకౌముదిలో గురువు సంజ్ఞాప్రకరణమున నుంచిన దీనిని, శిష్యుఁ డచ్సంధిలో, ప్రశ్న పుట్టినచోటికిఁ దెచ్చి నిలిపెను. దీనిచేత బాలుఁడు తాను జదువు వరుసకు వెనుక మఱియొక వరుస గలదనియు, శబ్దసిద్ధి దానిపై నాధారపడి యున్నదనియుఁ దెలిసికొనును. సంగ్రహము తనలో లేనిదానిని వేలెత్తి చూపుట యనఁగా నిదియే.

అయినను ప్రక్రియావరుసపై నాక్షేపము ముగియలేదు. మథురలోఁ బాఠము చెప్పి 1868లో దివంగతులైన విరజానందస్వామి కౌముదులను ద్రోసి యష్టాధ్యాయినే పట్టుకొనిరి. దయానందసరస్వతి వారి శిష్యుఁడు. ఈ పక్షమున సత్యాంశము గలదు. ఆఱవ యధ్యాయము మొదటి పాదమున 72వ సూత్రము సంహితాధికారము. అష్టాధ్యాయి వరుసఁ జదువువానికి 77, 78, 87 సంఖ్యల సూత్రములలో నా మాట తానై యనువర్తించును. కౌముదిలో నధికారపు వరుస చెదరుటచే, పైనుండి రావలసిన పదములను వృత్తి పూరింపవలసివచ్చినది. గ్రంథము తగ్గెనుగాని కంఠపాఠభార మందులకుఁ దగినట్లు తగ్గలేదు. విప్రతిషేధమునఁ బరసూత్రమునకు బలమనునప్పుడు సైత మేది పరమో వరుస యెఱుఁగనివాఁడు నిర్ణయింపలేఁడు. లఘుకౌముది యీ లోపమును మాన్పలేదు, దాఁచనులేదు.

తెలుఁగున నిట్టిపనిని జేసినవాఁడు చిన్నయసూరి. ఆంధ్రశబ్దచింతామణి సంస్కృతమున నుండుటచేఁ దెలుఁగు బాలురకు దుర్గమమై యుండెను. చెన్నపురి రాజధానీకళాశాలలోఁ బండితుఁడైన యితఁడు, అచట విశ్వవిద్యాలయ మేర్పడిన మఱుసటి యేఁట, 1858లో బాలవ్యాకరణమును బది పరిచ్ఛేదములతోఁ దెలుఁగు సూత్రములలో వెలయించెను. పేరు బాలవ్యాకరణమే, కాని కాలక్రమమునఁ బండితులును దానినే ప్రమాణముగాఁ గొనిరి. అందులేని ప్రయోగము తప్పని వాదించువారును బయలుదేఱిరి. ఇది గ్రంథదోషము గాదు, గ్రహించినవారి దోషము. 1885లో బహుజనపల్లి సీతారామాచార్యులు ప్రౌఢవ్యాకరణమును రచించి, దానికిఁ ద్రిలింగలక్షణశేషమను పేరును బెట్టిరి. శేషమను మాటచేతనే మొదటి గ్రంథమున మిగిలినది కలదని స్పష్టమగుచున్నది.

ఈ చరిత్రమువలన మంచి సంగ్రహమునకు మూఁడు ధర్మము లేర్పడుచున్నవి. మూలగ్రంథకర్త మాటను మార్పక నిలుపుట యొకటి. రూపములనేకాక వానికిఁ గారణమైన న్యాయములనుగూడ నుంచుట రెండవది. విడిచినది కలదని తెలుపుట మూఁడవది. లఘుకౌముదియం దీ మూఁడును గలవు. నేఁటి ప్రశ్నోత్తరసంచయములలోను, గైడులలోను మొదటిది యరుదు, రెండవది మిక్కిలి యరుదు, మూఁడవది కానరాదు. ఇపుడు కంప్యూటరు యంత్రములు సైత మధ్యాయములను క్షణములోఁ గుదించి యిచ్చుచున్నవి. పరికరము క్రొత్తది, పరీక్షింపవలసిన ధర్మములు పాతవే. కుదించిన దెవ్వరైనను, బాలుఁ డది చదివి మూలగ్రంథమును విప్పునా, మూయునా యనుటయే మనము చూడవలసినది. పాఠశాలాపండితులు సంగ్రహమును జెప్పుచున్నప్పుడు వారమున కొకదినమైనను మూలమును శిష్యులచేఁ దెఱపించి, తాము చదివిన సూత్ర మచట నేమి వెనుక, నేమి ముందు నున్నదో చూపింతురేని, భర్తృహరి చెప్పిన యపాయము మన కాలమున మరల సంభవింపదు.