వరసిద్ధుని దారిలో వెండితెర

చిత్తూరునకు సుమారు 11 కిలోమీటర్ల దూరమున, బాహుదానదీతీరమున వెలసిన కాణిపాకం వరసిద్ధి వినాయకుని బ్రహ్మోత్సవములు భాద్రపద శుద్ధ చవితినాడు మొదలై 21 దినములు సాగును. ఒకనాడు బండ్లు కట్టుకొని, సద్దిమూటలతో పల్లెలనుండి కదలివచ్చిన కుటుంబములకు స్వామిదర్శనముతోనే యాత్ర ముగిసెడిది కాదు. తిరుగుదారిలో చిత్తూరున దిగి ఒక ఆట చూచిన పిదపనే అది సంపూర్ణమగుచుండెను. ఈ సీమలో సినిమా వృద్ధిక్షయములను విచారించువారు మొదట గుర్తింపవలసినది ఇదియే: సినిమా చూచుట వేరు, సినిమాకు పోవుట వేరు. మొదటిది ఎన్నడును తగ్గలేదు.

ఈ ఆసక్తికి పునాది నాటకము. చిత్తూరు రామవిలాస సభ రంగస్థలముపై గాత్రమును, నటనను సానబెట్టుకొన్న నాగయ్య ఆ ఊరిపేరునే తన పేరునకు ముందు నిలుపుకొని, ‘త్యాగయ్య’ (1946), ‘యోగి వేమన’ (1947) చిత్రములతో తెలుగునాట ఇంటింటికి ఆత్మీయుడయ్యెను. 1911 వరకు ఉత్తర ఆర్కాటు జిల్లాలో భాగమై, మద్రాసునకును బెంగుళూరునకును చేరువైన ఈ ప్రాంతమున తెలుగుబొమ్మతోపాటు అరవబొమ్మయు సమానగౌరవముతో ఆడినది; అనువాదమునకై ఎదురుచూచు ఓపిక ఇచటివారికి లేదు, అవసరమును లేదు.

పట్టణములలో పక్కా హాళ్లు వెలసినను, పల్లెవానికి తెరను చేరువ చేసినది టూరింగు టాకీసు, అనగా టెంటు కొట్టాయి. సాయంకాలమగుసరికి మైకులో ఘంటసాల వేంకటేశ్వర భక్తిగీతము మ్రోగినచో, ఆ ధ్వని వినబడినంత మేరయు ఆ టాకీసునకు సామ్రాజ్యమే. నేల, బెంచీ, కుర్చీ అని టికెట్టులు మూడు అంతరువులు. నేలటికెట్టు కొన్నవాడు ఇసుకను గుట్టగా పోసికొని తన ఆసనమును తానే నిర్మించుకొనును. యంత్రమొక్కటియే కావున రీలు మార్చినపుడెల్ల దీపములు వెలిగి, వేరుసెనగకాయలు, మురుకులు, సోడాలు సభాప్రవేశము చేయును. ఆ విరామములలో సాగిన రసచర్చ, నాయకుని ధర్మాధర్మ విచారణ ఏ విమర్శకుని గ్రంథమునను దొరకవు. 1960లో పి. పుల్లయ్య దర్శకత్వమున ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ వచ్చినపుడు హాళ్లలో స్వామివిగ్రహమును, హుండీని నిలిపిరి. తిరుమల యాత్రికులు అటనుండి మద్రాసు పోయి, స్వామివేషధారి రామారావు ఇంటిముందు నిలుచుట పరిపాటియయ్యెను. గుడికిని కొట్టాయికిని నడుమనున్న దారి అంత పొట్టిది.

ఆ దారిలో గడ్డి మొలచుట 1980లలో ఆరంభమయ్యెను. 1982 ఆసియా క్రీడలతో రంగుల టీవీ వచ్చెను. 1987 జనవరి మొదలు ఆదివారపు ఉదయములను రామాయణ ధారావాహిక కైవసము చేసికొనెను. వీడియో క్యాసెట్టు వీధి మలుపున అద్దెకు దొరకెను. 1995లో జెమిని, ఈటీవీ ప్రసారములు మొదలయ్యెను. అపరాధమునంతయు టీవీపై మోపుట సులభమేగాని, నా అభిప్రాయమున సగము పాపము హాళ్లదే. నల్లులు చేరిన కుర్చీలను, తిరుగని ఫ్యాన్లను, మూత్రశాలల దుర్గంధమును ఆడవారు ఎంతకాలము సహింతురు? వారు మానుకొన్ననాడు కుటుంబము మానుకొన్నది. హాలు యువకుల ఈలలకు మిగిలినది. పెద్ద ఊళ్లలో వారములకొలది ఆడి గీతలుపడిన ప్రింటు చిన్న ఊరికి చేరునప్పటికి కథ అందరికిని తెలిసిపోయెడిది. నిండినను నిండకున్నను ఒకే పన్ను కట్టవలసిన స్లాబు పద్ధతి, జనమున్న కాలమున లాభించినదే, జనము తగ్గగా యజమానిని కుంగదీసెను. స్థలముల విలువ మాత్రము పెరిగెను. పలు హాళ్లు కల్యాణమండపములయ్యెను. తెరపై పెండ్లిండ్లు చూచి కంటతడి పెట్టిన చోటనే నేడు నిజమైన పెండ్లిండ్లు జరుగుచున్నవి. కంటతడి తగ్గినట్లు లేదు.

2000ల నడుమనుండి చిత్రము డబ్బాలలోగాక ఉపగ్రహముద్వారా, డిస్కుద్వారా హాలుకు చేర మొదలిడగా ప్రింటుఖర్చు తొలగి, హైదరాబాదున విడుదలైననాడే పలమనేరు, కుప్పము వంటి ఊళ్లలోను బొమ్మ పడసాగెను. ‘బాహుబలి’ రెండు భాగములు (2015, 2017) ఇల్లు కదలనివారిని గూడ కదలించెను. 2019లో సూళ్లూరుపేట చెంత 100 అడుగులకు మించిన వెడల్పుగల తెరతో హాలు వెలసినపుడు, చెన్నపట్టణపు ప్రేక్షకులు సరిహద్దు దాటి తెలుగుగడ్డకు వచ్చిరి. ఆ ఊరు 2022లో కొత్త తిరుపతి జిల్లాలో చేరెను. 

ఇంతలో 2020 మార్చిలో కరోనా తలుపులు మూయించెను. 2021 ఏప్రిల్ నాటి రాష్ట్రప్రభుత్వపు ఉత్తర్వు పంచాయతీ హాళ్లలో కనిష్ఠధరను 5 రూపాయలకు దించెను. ఆ యేటి డిసెంబరులో అధికారుల తనిఖీలలో చిత్తూరు జిల్లాలోను హాళ్లు మూతపడెను. 2022 మార్చిలో ధరలు 20 మొదలు 250 రూపాయల వరకు సవరింపబడెను. ఆ ఆగస్టుననే 2006 నాటి ‘పోకిరి’ని మరల విడుదల చేయగా, ఫోనులో దొరకు బొమ్మకే జనము టికెట్టు కొని కిక్కిరిసిరి.

తిరిగివచ్చినది పండుగ, అలవాటు ఇంకను రాలేదు. సంక్రాంతికి, పెద్దనటుని బొమ్మకు తెల్లవారకముందే వాకిట బారులు తీరుదురు. పండుగ లేని వారములలో, పదిమంది కూర్చున్న మధ్యాహ్నపు ఆటకు కరెంటు బిల్లు మాత్రము నిండిన హాలుకు వచ్చినంతయే వచ్చును.