దొరువు నీళ్లు, మల్లె అంట్లు: మన ఇసుక నేలల పూలతోటల కథ

ఇది కాస్త పెద్ద పోస్టు. పొద్దున పనుల్లో చదవొద్దు, రాత్రి భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

మొన్న ఒక చదువుకునే అబ్బాయి మా నర్సరీకి వచ్చాడు. రెండు నందివర్ధనాలు, ఒక మల్లె అంటు కొన్నాడు. డబ్బులిస్తా అడిగాడు, "బాబాయ్, ఈ ఇసుకలో పూలతోటలు ఎప్పుడు మొదలుపెట్టారు?" అని. "మా తాత కాలం నుంచి" అని చెప్పి పంపించా. తర్వాత ఆలోచిస్తే అది జవాబు కాదనిపించింది. మా తాతకి ఎవరు నేర్పారు? నీళ్లు ఎక్కడివి? ఈ నీళ్ల సంగతే ఇప్పుడు నా మెడ మీద కత్తిలాగా ఉంది, అది చివర్లో చెప్తా.

ముందు నేల గురించి. మన వైపు రెండు లోకాలున్నాయి. కాలువ పారే నల్లరేగడి మాగాణి ఒకటి, సముద్రం వైపు పోయేకొద్దీ వచ్చే ఇసుక నేల రెండోది. కాలువ రాకముందు మాగాణి కూడా మాగాణి కాదు. 1832-33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమ అంతా కరువుకి తుడిచిపెట్టుకుపోయింది. డొక్కల కరువు అని పెద్దవాళ్లు చెప్పుకునేది అదే. ఆ తర్వాత ఇరవై ఏళ్లకి 1852లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట మొదలుపెట్టి 1855కి పూర్తి చేశారు. దాని వెనకే మన కొమ్మమూరు కాలువ లాంటివి వచ్చినయ్. మాగాణి వాళ్ల రాత మారింది. వరి పండిన చోట అన్నీ పండినట్టే, పెళ్లి సంబంధాలతో సహా.

ఇసుక నేలకి మాత్రం ఏమీ రాలేదు. కాలువ నీళ్లు ఇసుక మీదికి ఎక్కవు, ఎక్కించినా నిలవవు. మెరక అన్నారు, దిబ్బ అన్నారు, ఆడపిల్లని ఇవ్వమన్నారు. కానీ ఆ ఇసుకకి ఒక గుణం ఉంది. పడిన వాన పడినట్టు లోపలికి పోతుంది. ఆరేడు అడుగులు తవ్వితే తియ్యటి నీళ్లు కనపడతాయి. అదే దొరువు. ఇప్పటి పిల్లలకి చెప్పాలి కాబట్టి చెప్తున్నా, దొరువంటే బావి కాదు. ఒరలుండవు, గిలకుండదు. ఏటవాలుగా దిగే గుంట. రెండు చేతుల్లో రెండు కడవలతో దిగి, ముంచుకుని, పైకెక్కి, ఒక్కో మొక్క మొదట్లో పోస్తా పోవడమే. మా నాయనమ్మ పొద్దున్నే యాభై సార్లు దిగేది, సాయంత్రం మళ్లీ యాభై సార్లు. ఆమె కాలి పిక్కలు చూస్తే కుస్తీ పట్టేవాళ్లవి లాగా ఉండేవి.

ఇట్లా చేత్తో పోసే నీళ్లతో వరి పండదు. అందుకే నారుమళ్లు, ఆకుకూరలు, పూలు. తక్కువ చోటు, తక్కువ నీళ్లు, రోజూ చిల్లర డబ్బులు.

మరి పూలు కొనేదెవరు? దేవుడే. బాపట్లలో భావనారాయణస్వామి గుడి ఎంత పాతదో మీకు తెలుసు, ఆ ఊరికి పేరే ఆయన వల్ల వచ్చింది. ఇటు చందోలు వెలనాటి చోళులకి రాజధాని, ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ల కిందటి మాట. ఆ కాలంలో గుళ్లకి దీపానికి గొర్రెల్ని ఇచ్చినట్టే పూలతోటకి భూమి ఇచ్చేవాళ్లు. శాసనాల్లో నందనవనం అని కనపడేది అదే. తోట పెంచి దండలు కట్టే పని సాతానుల ఇళ్లల్లో ఉండేది. 1954లో వచ్చిన విప్రనారాయణ సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు, నాగేశ్వరరావు భుజాన పూలబుట్ట వేసుకుని తిరుగుతాడు. ఆయన శ్రీరంగంలో దేవుడి తోట చూసిన ఆళ్వారు. భానుమతి సంగతి నేను మాట్లాడను.

తర్వాత రైలు వచ్చింది. బెజవాడ, మద్రాసు మధ్య లైను 1899లో పడింది, బాపట్ల దాని మీదే ఉంది. తెనాలి నుంచి రేపల్లెకి 1916లో వేశారు. పూలకి రైలంటే ప్రాణం, ఎందుకంటే మల్లెమొగ్గ ఆయుష్షు ఒక రాత్రి. తెల్లారకముందు కోసిన మొగ్గ సాయంత్రానికి కొనేవాళ్ల చేతిలో పడాలి. మా తాత శేర్లతో కొలిచి తడిగుడ్డ కప్పిన బుట్ట నెత్తిన పెట్టుకుని బాపట్ల నడిచేవాడట. మేము మోటారు సైకిలు మీద పోతాం. తడిగుడ్డ మాత్రం అదే.

1977 నవంబరు 19 నాకు బాగా గుర్తు. ఎనిమిదేళ్లవాణ్ణి. ఉప్పెన దివిసీమని మింగింది, పదివేల మందికి పైగా పోయారు. మా తోట దాకా నీళ్లు రాలేదు గానీ గాలి వచ్చింది, గాలితో ఉప్పు జల్లు వచ్చింది. మూడో రోజుకి మల్లె ఆకంతా నిప్పులో కాల్చినట్టు నల్లబడింది. కనకాంబరం అయితే కర్ర కూడా మిగల్లేదు. మా తాత మల్లె పొదల్ని పీకలేదు. జానెడు ఎత్తుకి నరికి, దొరువు నీళ్లు తోడి పారబోసి, ఊరుకున్నాడు. పక్కవాళ్లు పిచ్చోడన్నారు. మరుసటి వానాకాలం తర్వాత మొదళ్ల నుంచి ఇగుర్లు వచ్చినయ్. ఇప్పుడు నేనమ్మే అంట్లలో కొన్ని ఆ పొదల సంతానమే. ఆ తుఫాను తర్వాతే తీరం పొడుగునా సరుగుడు తోపులు గట్టిగా పెంచారు. 2010లో లైలా, 2023లో మిచాంగ్ మన బాపట్ల దగ్గరే తీరం దాటినప్పుడు గాలిని కొంతైనా అడ్డుకుంది ఆ చెట్లే.

నేను నర్సరీ పెట్టింది 2001లో. ఇంటర్ అయ్యాక రెండేళ్లు ఉద్యోగం కోసం తిరిగి, ఆ తర్వాత తోటలోనే పడ్డా. పూలమ్మితే రోజు ధర మన చేతిలో ఉండదు. శ్రావణంలో కిలో ఎంత పలుకుతుందో, ఆషాఢంలో అదే పువ్వు పారబోసుకోవడం మీకు తెలిసిందే. మొక్కకైతే నాలుగు రోజులు ఆగే ఓపిక ఉంటుంది.

నేర్చుకోవడానికి రెండు చోట్లకి పోయా. ఒకటి కడియం. రాజమండ్రి పక్కన కడియపులంక చుట్టుపక్కల ఊళ్లకి ఊళ్లే నర్సరీలు. పల్లా వెంకన్న గారి లాంటి వాళ్ల పేర్లు రాష్ట్రాలు దాటి వినపడ్డాయి. అక్కడికి పోయి చూస్తే నాకు అసూయ వేసింది, దాచుకోను. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు, గోదావరి లంకల ఒండ్రు, పక్కనే పెద్ద రోడ్డు, ఊళ్లోనే పూల మార్కెట్టు. మనకి వీటిల్లో ఒక్కటీ లేదు. వాళ్లతో పోటీపడి రంగురంగుల కుండీ మొక్కలు పెంచుదామనుకుంటే మునుగుతాం. ఒక ఏడాది నేను మునిగా కూడా.

రెండోది తంగచ్చిమడం. రామేశ్వరం పోయేదారిలో పాంబన్ దీవిలో ఉంటుంది. మదురై మల్లెకి 2013లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పేరు మదురైది, కానీ ఆ తోటలకి పోయే నారు ఎక్కువగా ఈ ఊరిదే. బస్సు దిగి నేల చూసి నిలబడిపోయా. మన నేలే! అదే ఇసుక, అదే ఉప్పుగాలి, నాలుగడుగుల్లో తియ్యటి నీళ్లు. ఇసుకలో మల్లె కొమ్మ తొందరగా వేరు తొడుగుతుంది, పీకితే వేరు తెగకుండా వస్తుంది, కడిగి కట్టకట్టి ఎక్కడికైనా పంపొచ్చు. మనం శాపం అనుకున్నది వాళ్లకి వ్యాపారం. తిరిగొచ్చి కుండీలన్నీ అమ్మేసి, ఏళ్లతరబడి బతికే పూలమొక్కలే పెట్టుకున్నా. మల్లె, కాగడా, సన్నజాజి, నందివర్ధనం, మందారం, గన్నేరు, ఢిల్లీ కనకాంబరం. ఈ ఢిల్లీ కనకాంబరానికి గింజ కట్టదు, కొమ్మతోనే పెంచాలి. కాబట్టి రైతు మళ్లీ నర్సరీకి రావాల్సిందే, అది మన బతుకుతెరువు.

సంవత్సరం ఇట్లా తిరుగుతుంది. మృగశిర కార్తెలో నాలుగు చినుకులు పడితే కొనేవాళ్లు మొదలు. ఆరుద్ర, పునర్వసు దాకా ఊపిరాడదు. నేల అంట్లు తొక్కేది కూడా అప్పుడే. తల్లిపొద కొమ్మని వంచి, కణుపు దగ్గర చిన్న గాటు పెట్టి, ఇసుకలో పాతి రాయి పెడతాం, మూడు నెలల్లో వేరు. కార్తీకంలో తుఫాను భయం. నవంబరులో మల్లెకి నీళ్లు కట్టేస్తాం, దాన్ని ఎండగట్టి నిద్రపుచ్చాలి. తర్వాత గొర్రెల్ని తోలితే ఆకు మేసిపోతాయి, ఎరువూ వేసిపోతాయి. పొదని మోకాలి ఎత్తుకి కత్తిరించి, ఎరువేసి, మళ్లీ నీళ్లు పెడితే మార్చి నుంచి మొగ్గ. కనకాంబరంలో నులిపురుగుల బాధ ఇసుక నేలల్లో ఎక్కువ. సాళ్ల మధ్య బంతి వేస్తే తగ్గుతుంది, మందు కొట్టేముందు అది చేసి చూడండి. ఏప్రిల్, మేలలో పని ఒక్కటే, నీళ్లు.

ఒక పక్క మాట. మన దేవుళ్లకి పెట్టే పూలల్లో సగం వలస వచ్చినవే. బంతిపువ్వు, లిల్లీ, దేవగన్నేరు అమెరికా ఖండం నుంచి ఓడల్లో వచ్చినయ్. చామంతి చైనాది. బిళ్ళగన్నేరు మడగాస్కర్‌ది, దాన్నుంచి క్యాన్సర్ మందులు తీస్తారు. మల్లె, కనకాంబరం మనవి. ఏ దేవుడూ ఎక్కడిదని అడిగినట్టు లేదు.

ఇప్పుడు నీళ్ల సంగతి. మన ఇసుక కింద మంచినీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతున్నాయి, మజ్జిగ మీద వెన్నలాగా. హాలండ్‌లో ఒకాయన, జర్మనీలో ఒకాయన నూరేళ్లకి పైగా కిందటే దీని లెక్క కట్టారు. సముద్ర మట్టానికి పైన అడుగు మంచినీరు నిలిస్తే, కింద సుమారు 40 అడుగుల దాకా మంచినీరు ఉంటుంది. అంటే పైన అడుగు దింపేస్తే, కింది నుంచి ఉప్పు 40 అడుగులు పైకి జరుగుతుంది. మా నాయనమ్మ కడవలు ఈ లెక్కని ఎప్పుడూ దాటలేదు. మేము ఫిల్టరు పాయింట్లు దింపి మోటార్లు పెట్టాం, అక్కడ మొదలైంది. దీంట్లో నా తప్పు కూడా ఉంది. 1998లో నేనే ఒక పాయింటు లోతుగా దింపి, ఆరేళ్లలో ఉప్పు చేసుకుని పూడ్చేశా.

రెండోది చెరువులు. తొంభైల్లో రొయ్య వచ్చింది, తెల్లమచ్చ తెగులుతో చాలామందిని ముంచింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరంలో చెరువుల మీద తీర్పిచ్చింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్లీ ఊపందుకుంది. రొయ్య రైతుని నేను తిట్టను, నా చుట్టాల్లోనే ఉన్నారు, వాళ్ల అప్పులు నాకు తెలుసు. కానీ ఇసుక నేలలో ఉప్పునీళ్లు నిలబెడితే అవి పక్కకి రాకుండా ఉంటాయా?

మా తోటకి రెండు చేల అవతల చెరువు తవ్వి రెండేళ్లయింది. మా దొరువు నీళ్ల పరీక్షలో ఇ.సి. 1 లోపు ఉండేది, మొన్న మే నెలలో 2.6 చూపించింది. నాలుకకే తెలుస్తోంది. మల్లె ఆకు అంచులు మాడుతున్నాయి. కొమ్మలు నూటికి ఎనభై వేరు పట్టేవి, ఈసారి యాభై కూడా పట్టలేదు. ఇప్పుడు మా చేను కూడా చెరువుకి కౌలుకి అడుగుతున్నారు. హైదరాబాదు నుంచి మా వాడు ఫోన్లో, "నాన్నా, నీకు మోకాళ్ల నొప్పులు, కూర్చుంటే డబ్బులొస్తాయి కదా" అన్నాడు. వాడి మాటలో తప్పు లేదు. మా ఇంటిది పక్కనుంచి, "మనం ఇస్తే మన వెనక తోటలోళ్ల దొరువేం కావాలయ్యా?" అంది. ఆ తోట మా చిన్నాన్న కొడుకుది. వాడికీ నాకూ గట్టు తగాదాతో నాలుగేళ్లుగా మాటల్లేవు.

నాలుగు రోజులు ఆలోచించి కౌలుకి ఇవ్వనని చెప్పేశా. బాపట్ల ఉప్పునీటి పరిశోధన కేంద్రం వాళ్లు ఎప్పటినుంచో చెప్తున్న పద్ధతి ఒకటుంది. లోతుకి పోకుండా, నీటిమట్టానికి కాస్త కిందగా చిల్లుల గొట్టాలు అడ్డంగా పరిచి, మధ్యలో ఒరల బావిలోకి నీళ్లు చేర్చి, పైపై మంచినీళ్లు మాత్రమే మెల్లగా తీసుకోవడం. దొరువునే కొంచెం తెలివిగా చేసినట్టు. ఖర్చు మా ఇద్దరి తోటలకి కలిపి వేసుకుంటేనే కిట్టుబాటు. నిన్న సాయంత్రం వాడింటికి పోయా. మంచం వేశాడు, టీ ఇచ్చారు, గట్టు సంగతి ఇద్దరం ఎత్తలేదు. "గొట్టాల ధర కనుక్కో అన్నయ్యా" అన్నాడు.

మీలో ఎవరైనా ఈ గొట్టాల దొరువు వేసి రెండు మూడు ఎండాకాలాలు చూసినవాళ్లుంటే నాకు రాయండి. మే నెలలో ఎన్ని గంటలు మోటారు వేస్తున్నారు, ఇ.సి. ఎంత నిలిచింది, చిల్లుల్లో ఇసుక పూడకుండా ఏం చుట్టారు, ఈ మూడూ కావాలి. ఆదివారం పాత దొరువు పూడిక తీస్తున్నాం, ఇద్దరు మనుషులు తక్కువ పడ్డారు. వచ్చేవాళ్లు ఎండెక్కకముందే రండి.