హిందూపురం నుండి జెద్దాకు: నాటి ఓడ, నేటి విమానం

మన హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాల నుండి హజ్‌కు వెళ్ళేవారిని సాగనంపడానికి పోయినప్పుడల్లా పిల్లలు మమ్మల్ని అడిగే ప్రశ్న ఒకటే: "జెద్దా ఎంత దూరం? ఎన్ని గంటలు పడుతుంది?" ప్రశ్న చిన్నదే గాని, జవాబులో మన పెద్దల చరిత్ర ఉంది.

దూరప్రయాణం మన గడ్డకు కొత్త కాదు. పెనుకొండ దర్గాలో విశ్రమిస్తున్న బాబా ఫక్రుద్దీన్, అదే మన బాబయ్య స్వామి, ఇరాన్ వైపునున్న సీస్తాన్ నుండి వచ్చారని తరతరాలుగా చెప్పుకుంటున్నాం.

మన ఊళ్ళ మీదుగా రైలు మార్గం పడింది 1890 దశకంలో. మీటరు గేజి రోజుల్లో హాజీలు ఆ బండిలో గుంతకల్లు చేరి, అక్కడ పెద్ద బండికి మారి బొంబాయి వెళ్ళేవారు. ముసాఫిర్‌ఖానాలో మకాం చేసి, మొగల్ లైన్ వారి ఓడ ఎక్కేవారు. బొంబాయి నుండి జెద్దాకు సముద్రం మీద సుమారు 2,340 నాటికల్ మైళ్ళు, అంటే 4,330 కిలోమీటర్లు. అరేబియా దక్షిణపు కొసను చుట్టి ఎర్ర సముద్రంలోకి పోవాలి గనుక పాత ఓడలకు 12 నుండి 15 రోజులు పట్టేది. తిరిగొస్తామో లేదోనని అప్పులు తీర్చి, అందరినీ క్షమాపణ అడిగి, కఫన్ గుడ్డ కూడా పెట్టెలో పెట్టుకొని బయలుదేరేవారు. ఈ ఓడ ప్రయాణం 1995లో ఆగిపోయింది.

ఇక విమానం సంగతి. బొంబాయి నుండి జెద్దాకు ఆకాశంలో సూటిగా సుమారు 3,520 కిలోమీటర్లే. బెంగళూరు నుండి 4,180, హైదరాబాదు నుండి 4,130. 2008లో దేవనహళ్ళి వద్ద విమానాశ్రయం తెరిచాక బెంగళూరు విమానం హిందూపురానికి వంద కిలోమీటర్లలోపే వచ్చేసింది. అక్కడి నుండి నేరుగా పోతే సుమారు ఐదున్నర, ఆరు గంటలు. పడమటి గాలి ఎదురు తగలడం వల్ల పోయేటప్పుడు కాస్త ఎక్కువ, వచ్చేటప్పుడు కాస్త తక్కువ పడుతుంది.

గడియారం మాత్రం మరో లెక్క చెబుతుంది. సౌదీ టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ ఉదయం 8 గంటలకు ఎక్కి ఆరు గంటలు ప్రయాణించినా, అక్కడ దిగేసరికి పదకొండున్నరే! ఎదురుచూసే ఇంటివాళ్ళు ఈ లెక్క తెలుసుకుంటే అనవసరంగా కంగారు పడరు.

అయితే దూరం తగ్గలేదు, రోజులే తగ్గాయి. ఆ పన్నెండు రోజులూ ఓడే ఒక మదరసా. తెలిసినవారు తెలియనివారికి హజ్ విధులు నేర్పేవారు. మీఖాత్ దగ్గర పడుతుందనగా తీరికగా ఇహ్రామ్ ధరించేవారు. ఇప్పుడు నేరుగా జెద్దాకు పోయే విమానం ఆ హద్దును గాలిలోనే నిమిషాల్లో దాటేస్తుంది. వయసు మళ్ళిన మన అవ్వాతాతలు కంగారుపడి దిక్కులు చూసే సమయం కూడా ఉండదు. కనుక ఓడలో నేర్చుకున్నది ఇప్పుడు ఇంట్లోనే నేర్చుకోవాలి. వెళ్ళివచ్చిన హాజీలు వెళ్ళబోయేవారి దగ్గర నాలుగు సాయంత్రాలు కూర్చుంటే చాలు.

అప్పులు తీర్చడానికీ, క్షమాపణ అడగడానికీ మాత్రం ఏ విమానమూ దగ్గరి దారి చూపలేదు. ఆ పని మన పెద్దలు చేసినట్టే మనమూ చేద్దాం. అల్లాహ్ అందరికీ ఆ భాగ్యం ప్రసాదించుగాక, ఆమీన్.